ఇద్దరి బరమా

మా మనవడు మస్కట్ నుంచి వస్తూ నాకో పెట్టె తెచ్చాడు. మూత తీస్తే లోపల పచ్చ రంగు పిస్తోలు లాంటిది ఉంది. బ్యాటరీతో తిరిగే డ్రిల్లింగు మెషిను. "దీనికి వైరుండదు తాతయ్యా, ఎక్కడికి కావాలంటే అక్కడికి పట్టుకెళ్లి కన్నాలు వేసుకోవచ్చు" అన్నాడు. చాలా విశేషం విన్నట్టు తలాడించాను. నా పనిలో మొదటి సగం కరెంటు మొహం చూడకుండానే గడిచిందని, మా సంచిలో ఒక్క పనిముట్టుకీ ఏనాడూ తీగ లేదని వాడికి ఎలా తెలుస్తుంది?

చుట్టుపక్కల తలుపులు బిగించే కుర్రాళ్లు, బళ్లు బాగుచేసే కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, పాత రోజుల్లో ఎలా చేసేవారండీ అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నేనెప్పుడు మేస్త్రీనయ్యాను, ఎవరు నాకు శాలువా కప్పారు లాంటివి ఇందులో ఉండవు. వాటిలో నేర్చుకోవడానికేం లేదు. ఒక్క పనిముట్టు గురించి, దాని రెండో కొస పట్టుకున్న మనిషి గురించి చెబుతాను. ఆ మనిషి మీద బెంగ నాకింకా తీరలేదు.

షెడ్డు

రెండో ప్రపంచ యుద్ధం ఆఖరి రోజుల్లో అమలాపురంలో ఒక బస్సుల షెడ్డులో చేరాను. పెట్రోలు దొరక్క, బస్సు వెనకాల బొగ్గుల పొయ్యి లాంటి పెద్ద డబ్బా తగిలించి దాని గ్యాసుతో నడిపేవారు. కొత్తపేట వెళ్లొచ్చిన పెద్దమనిషి ఉతికిన పంచె కట్టుకుని ఎక్కి, బొగ్గుల కొట్టువాడిలా దిగేవాడు. ఇంజను సంగతి వేరేవాళ్లు చూసేవారు. నాది చెక్క పని.

ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో బస్సుకి ఇంజనూ చక్రాలూ ఉన్న కింది భాగమే ఇనుము. పైన ప్రయాణికులు కూర్చునే గదంతా చెక్కే. నిలువు స్తంభాలు, అడ్డకమ్మీలు, నేల పలకలు, కిటికీల చట్రాలు అన్నీ మేం టేకుతో చేసి బోల్టులు వేసి బిగిస్తే, పైన రేకు తొడిగేవారు. మన రోడ్ల మీద నెల తిరక్కుండానే అది మూలిగేది. బోల్టు కన్నం సరిగ్గా ఉంటే ఆ మూలుగు తగ్గేది, లేకపోతే రాజోలు దాకా ఊళ్లన్నిటికీ వినిపించేది. ఇల్లు కట్టే వడ్రంగికి లేని బాధ ఇది. ఇల్లు కదలదు కదా.

హెడ్డు మేస్త్రీ మా మేనమామే. మాట తక్కువ, మొట్టికాయ ఎక్కువ. చేరిన కొత్తలో నాచేత ఉలులూ, కన్నాలు వేసే బరమా మొనలూ సాన పట్టించడం తప్ప ఇంకేం చేయించలేదు. కొడితే పని వస్తుందని ఆయన నమ్మకం. అది శుద్ధ తప్పు, కొట్టించుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. నాకు వచ్చిన భయం పోవడానికి పట్టినంత కాలం పని రావడానికి పట్టలేదు. కానీ సాన విషయంలో మాత్రం ఆయనే రైటు. మీరిప్పుడు మెషిను పట్టుకుని, అది దిగకపోతే ఇంకా గట్టిగా నొక్కుతారు, పొగ వస్తే మెషినుని తిడతారు. చెక్క కాలిన వాసన వచ్చిందంటే మొన మొద్దుబారిందని అర్థం. ముందు దాని సంగతి చూడండి.

చిప్పా, తాడూ

ఆ రోజుల్లో మేం కన్నాలు వేసిన పనిముట్టు తాడు బరమా. జానెడున్నర నిలువు కర్ర, దాని కింద ఇనుప మొన, పైన కొబ్బరి చిప్ప. దానికి ఇద్దరు కావాలి. ఒకడు చిప్ప మీద అరచెయ్యి పెట్టి కర్రని నిటారుగా నొక్కి పట్టాలి. రెండోవాడు ఎదురుగా కూర్చుని, కర్ర చుట్టూ మెలిక వేసిన తాడు రెండు కొసలూ పట్టుకుని ఒకసారి కుడి చేత్తో, ఒకసారి ఎడం చేత్తో లాగాలి. కర్ర ఇటు తిరుగుతుంది, అటు తిరుగుతుంది. మొనకి రెండు వైపులా పదునే కాబట్టి ఎటు తిరిగినా కొరుక్కుంటూ దిగుతుంది.

చూడ్డానికి చిప్ప పట్టినవాడు పనివాడు, తాడు లాగేవాడు కూలివాడు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. కానీ మొన అవతలి వైపుకి పొడుచుకొచ్చే ముందు ఒక్క క్షణం ఉంటుంది. అప్పుడు నొక్కుడు తగ్గించాలి. తగ్గించకపోతే మొన ఒక్కసారిగా దూసుకుపోయి అవతలి వైపు పెద్ద పెచ్చు లేస్తుంది, స్తంభం పాడవుతుంది. ఆ క్షణం చిప్ప పట్టినవాడికి తెలియదు, వాడి చేతికి కర్ర అదురు తప్ప ఇంకేం అందదు. తాడు లాగేవాడికి తెలుస్తుంది. ఆఖరి పొర దగ్గర తాడు బరువు మారుతుంది.

మరి వాడు చెప్పేదెలా? నోరు తెరిచి చెప్పేలోగా కన్నం అయిపోతుంది. అందుకని చిప్ప పట్టినవాడు ఆఖర్లో మొన వంక చూడడు, తలెత్తి ఎదుటివాడి మొహం చూస్తాడు. ఎదుటివాడి కనుబొమలు పైకి లేస్తాయి. చెయ్యి తేలిక చేస్తాడు. అంతే, కన్నం శుభ్రంగా అవతలికి వస్తుంది. అలా మేమిద్దరం కొన్ని వేల కన్నాలు వేసి ఉంటాం.

పోలయ్య

ఆ ఎదుటివాడు పోలయ్య. ఉప్పలగుప్తం దాటి సముద్రం ఒడ్డున ఉండే చేపల పల్లె వాళ్లది. వాళ్లన్న, ఏరు సముద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడి పోయాడు. ఆ తర్వాత పోలయ్య పెళ్లాం నూకాలు, మొగుడు మళ్లీ పడవెక్కితే తను అన్నం ముట్టనని పట్టుబట్టి కూర్చుంది. అందుకని అతను ఊరొదిలి అమలాపురం వచ్చి, షెడ్డులో మూటలు ఎత్తే పనిలో కుదిరాడు. మా తాడు లాగే మనిషికి జ్వరం వచ్చి రాకపోతే మామయ్య ఇతన్ని తెచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టాడు.

కూర్చోగానే మా కొబ్బరి పీచు తాడు వేళ్లతో నలిపి చూశాడు.

"ఏటండీ ఇది, గేదెని కట్టే పలుపా?"

"ఎప్పణ్ణించో దాంతోనే చేస్తున్నాం. లాగు" అన్నాను.

"లాగుతానండి, ఆయ్. కానీ ఇది జారతాదండి."

జారింది. మర్నాడు వలలు లాగే తాడు ముక్కొకటి ఇంటి దగ్గర్నుంచి తెచ్చాడు. సన్నగా, మెత్తగా, ఎన్ని చేతులు పట్టుకున్నాయో నున్నగా మెరుస్తోంది. అది కర్రని పట్టుకున్నాక జారితే ఒట్టు. జ్వరం తగ్గి వచ్చిన మనిషి మూటలకి పోయాడు, పోలయ్య నాకు మిగిలాడు.

నాకంటే ఐదారేళ్లు పెద్ద. నేను పేరు పెట్టే పిలిచేవాణ్ణి, అప్పట్లో అలాగే నడిచేది. అతను నన్ను ఆచారిగారూ అనేవాడు. వేళాకోళం చెయ్యాలనిపిస్తే మాత్రం బావగారూ అనేవాడు. "బావగారూ, మొహం అలా మాడ్చుకుంటే కర్రకి కోపం వచ్చేత్తాదండి" అనేవాడు. రోజంతా నా మొహమే చూస్తాడు కదా, ఇంట్లో గొడవపడి వచ్చినా, పస్తుండి వచ్చినా మొదటి కన్నంలోనే కనిపెట్టేసేవాడు. పెళ్లయిన కొత్తలో మా ఆవిడకి కూడా నా మొహం అంత బాగా తెలియదు.

నూకాలు మధ్యాహ్నం అన్నం తెచ్చేది. ఒకరోజు అతను చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నాతో, "అన్నయ్యగారండీ, ఆయనిక్కడ తాడు లాగుతున్నంతసేపూ నాకు ధైర్యమండి. ఆ తాడే పడవలో లాగితే నాకు కంటి మీద కునుకుండదండి" అంది. నేను చేస్తున్నది బస్సు పని మాత్రమే కాదని అప్పుడే తెలిసింది. ఆ తాడు తెగకుండా చూడాల్సిన పూచీ ఎవరూ అప్పగించకుండానే నా మీద పడింది.

పళ్ల చక్రం

స్వరాజ్యం వచ్చాక వ్యాపారం పుంజుకుంది. షెడ్డు యజమానిని మేం పెదబాబుగారు అనేవాళ్లం. ఆయన మద్రాసు వెళ్లి ఒక కొత్త బరమా తెచ్చారు. పక్కన పిడి, పిడికి పళ్ల చక్రం, వెనకాల రొమ్ముకి ఆనించుకునే ఇనుప రేకు. ఆనించుకుని పిడి తిప్పితే చాలు. "ఇకమీదట నీకు ఎదురుగా ఎవరూ అక్కర్లేదోయ్" అన్నారు నాతో, ఎంతో మేలు చేసినట్టు.

స్తంభం నిలబెట్టి మొదలుపెట్టాను. అందరూ చుట్టూ చేరారు. ఎంత తిప్పినా అది గోరంత కూడా దిగలేదు. కాసేపయ్యేసరికి చెమటలు పట్టాయి. "ఇది మెత్త చెక్కకి చేసిందండి, మన టేకు దీనికి లొంగదు" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. అది పనికిరానిదవడం నాకు ఎంత కావాలో అంత గట్టిగా అనుకున్నాను. మామయ్య కూడా తలూపాడు. పెదబాబుగారి మొహం చిన్నబోయింది. నాలో నాకు పండగ్గా ఉంది.

అప్పుడు పోలయ్య ముందుకొచ్చాడు.

"ఆచారిగారూ, ఎనక్కెందుకు తిప్పుతున్నారండీ?"

చూసుకున్నాను. పిడి రెండు చుట్లు ముందుకి, రెండు చుట్లు వెనక్కి తిప్పుతున్నాను. ఇన్నేళ్లూ ఇటూ అటూ తిరిగే కర్రకి అలవాటుపడ్డ ఒళ్లు, దీన్నీ అలాగే తిప్పింది. ఆ కొత్త మొన మెలికల మొన, ఒక్కవైపు తిరిగితేనే కోస్తుంది. తాడు బరమా పట్టినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యని తప్పు అది.

"నువ్వూరుకో" అన్నాను గొంతు తగ్గించి. అతను ఊరుకోలేదు. బరమా నా చేతిలోంచి తీసుకుని రొమ్ముకి ఆనించుకుని ఒక్కవైపే తిప్పాడు. చెక్కపొట్టు చుట్టలు చుట్టుకుంటూ బయటికొచ్చింది. పెదబాబుగారు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం బావి దగ్గర అతన్ని పట్టుకుని తిట్టాను. నోరు మూసుకుంటే నీ పని నీకుండేది కదయ్యా అన్నాను.

"మంచి పనిముట్టండి అది. మంచిదాన్ని చెడ్డదనుకుంటా ఉంటే సూత్తా ఎలా ఉంటానండీ?" అన్నాడు. మళ్లీ తనే, "మీరు అందరి ముందూ ఎర్రోళ్లలా నిలబడ్డం కూడా బాగాలేదండి బావగారూ" అన్నాడు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అది మంచి పనిముట్టే. పాతదాని మీద ప్రేమతో కొత్తదాన్ని తిట్టే ముసలివాళ్లని మీరు నమ్మకండి, నేను తిట్టినా సరే. కన్నం తొందరగా పడింది, సమంగా పడింది. దానికి ఎదుటి మనిషి అక్కర్లేదు, అదొక్కటే దాని లోటు. ఆ లోటు నాకు తప్ప ఇంకెవరికీ కనిపించలేదు.

పోలయ్యని ఉంచమని పెదబాబుగారి దగ్గరికెళ్లి బతిమాలాను. ఆయన చెడ్డవాడు కాదు. "నేను ఉంచుతానయ్యా. కానీ రేపు పక్కవాడు ఇదే బరమాతో నాకంటే ముందు బస్సు దింపితే, అప్పుడు మీ అందరి పనీ పోతుంది" అన్నారు. అది కూడా నిజమే. చివరికి పోలయ్యని రాజోలు బస్సు మీద క్లీనరుగా వేశారు. సముద్రంలో ఏనాడూ తిరగని అతని కడుపు మన రోడ్డు మీద తిరిగింది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వాంతులు. షెడ్డంతా నవ్వింది, అతనూ నవ్వాడు. కొన్నాళ్లు పళ్ల బిగువున తిరిగి మానేశాడు.

వెళ్లిపోయే రోజు నూకాలు కూడా వచ్చింది. "ఇంక నీళ్ల మీదకేనండి" అంది. ఆ మాట ఆవిడ మామూలుగానే అంది.

గోడకి తగిలించిన తాడు బరమా తీశాను. మామయ్య వంక చూస్తే ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన సరే అనడం అలాగే ఉంటుంది. పోలయ్య చేతిలో పెట్టాను.

"మీ ఒడ్డున ఉప్పు గాలికి ఇనుప చక్రం పట్టుమని పది రోజులాగదు. పడవలు బాగుచేసేవాళ్లకి అక్కడ ఇదే దిక్కు. నువ్వు పడవెక్కకు, పడవ బాగుచెయ్యి. ఒడ్డు మీదే ఉండు."

అతను చిప్ప నిమిరాడు. "తాడు లాగుతానండి. నొక్కేవాళ్లేరండీ?"

"వెతుక్కో" అన్నాను.

ఇసక మీద

ఆ తర్వాత షెడ్డులో నా పని వేగం పెరిగింది. నలుగురు మెచ్చుకున్నారు. కానీ తలెత్తితే ఎదురుగా గోడ. వాన పట్టినప్పుడల్లా, గాలి లేచినప్పుడల్లా అతను ఒడ్డు మీద ఉన్నాడో నీళ్ల మీద ఉన్నాడో అని గుండె పీకేది. ఎవరినీ అడగలేదు, వినకూడనిది వింటానేమోనని.

ఏడాది తిరిగాక ఇక ఉండబట్టలేక బయల్దేరాను. ఉప్పలగుప్తం దాకా సైకిలు తొక్కాను, ఆపైన దాన్ని నడిపించుకుంటూ కాలవ గట్టు, ఆపైన సరుగుడు తోటలు దాటి ఇసక. దారిలో మనసు మనసులో లేదు. పల్లె కనిపించే ముందే చప్పుడు వినిపించింది. కర్ర ఇటు తిరిగి అటు తిరిగే చప్పుడు. ఆ చప్పుడు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. సైకిలు అక్కడే ఇసకలో పడేసి నడిచాను.

ఒక పడవని పక్కకి ఒరగబెట్టి ఉంచారు. పోలయ్య తాడు లాగుతున్నాడు. ఎదురుగా నూకాలు, చీర చెంగు నడుముకి దోపుకుని, చిప్ప మీద అరచెయ్యి పెట్టి నొక్కుతోంది. నేను చూస్తుండగానే ఆవిడ తలెత్తి మొగుడి మొహం చూసింది. అతని కనుబొమలు లేచాయి. ఆవిడ చెయ్యి తేలిక చేసింది.

అతను నీళ్ల మీద లేడు. ఆవిడ కోరుకున్నది దక్కింది. నాకు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలనిపించింది. ఆ వెంటనే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, కడుపులో మండింది కూడా. అది నా చోటు. నా చోట ఇంకొకరు కూర్చున్నారు, నాకంటే ఏమీ తీసిపోకుండా చేస్తున్నారు.

"రండి రండి ఆచారిగారూ" అని లేచాడు పోలయ్య. నూకాలు కొబ్బరి బొండం కొట్టించింది. పడవల వాళ్లు రేవు రేవు నుంచీ పిలుస్తున్నారని, చేతినిండా పని ఉందని చెప్పింది. మాటలయ్యాక నేను బరమా వంకే చూస్తున్నానని అతనికి తెలిసిపోయింది. నా మొహం అతనికి కొత్తా?

"ఓ కన్నం ఎయ్యండి బావగారూ."

నూకాలు చిప్పని చెంగుతో తుడిచి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. అరచేతికి ఆ గుండ్రటి చిప్ప తగలగానే కళ్లు చెమర్చాయి. అతను లాగాడు. కర్ర ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఆఖర్లో తలెత్తాను, కనుబొమలు లేచాయి, కన్నం శుభ్రంగా పడింది. కానీ పోలయ్య తాడు వదలకుండా నన్నే చూస్తున్నాడు.

"మీ చెయ్యి ఒంటరిదైపోయిందండీ" అన్నాడు. "నా కోసం ఆగట్లేదండి అది."

నిజమే. ఆఖర్లో తప్ప మిగతా కన్నమంతా నా ఒళ్లు ఒక్కదానివల్లే పని జరుగుతుందన్నట్టు నొక్కాను. ఏడాదిలో అంత మారింది. అతను తప్పు పట్టలేదు, జాలిపడ్డాడు. ఇంకో కన్నం వేస్తానని నేను అడగలేదు.

తర్వాత మా షెడ్డు చేతులు మారింది, నన్ను కాకినాడ పంపేశారు. కొన్నేళ్లకి సెలవు దొరికి మళ్లీ వెళితే ఆ ఇసక దిబ్బని ఏరు కోసేసింది. పల్లె లేచి మరో ఒడ్డుకి పోయిందన్నారు. ఏ ఒడ్డో చెప్పిన ఇద్దరూ రెండు పేర్లు చెప్పారు. రెండు చోట్లకీ వెళ్లాను. వాళ్లు దొరకలేదు.

మళ్లీ పెట్టె దగ్గరికి

మనవడు తెచ్చిన మెషినుతో మొన్న టేకు పలకకి కన్నాలు వేశాను. వెన్న కోసినట్టు దిగింది. మీకు నేను చెప్పగలిగిన పనిమాట ఒకటుంది. మొన అవతలికి వచ్చే ముందు చెయ్యి తేలిక చెయ్యండి. చేత్తో తిప్పే బరమాలో ఆ క్షణం పిడి తేలికై తెలిసేది, ఈ మెషిను చెప్పదు. నాకు ఎదురుగా కూర్చున్నవాడు చెప్పేవాడు కాబట్టి నేను ఒంటరిగా నేర్చుకోలేదు. మీరు నేర్చుకోవాలి.

నేను వేసిన మొదటి కన్నమే అవతలి వైపు చీలింది. మనవడు పక్కనే నిలబడి చూస్తున్నాడు.

"తాతయ్యా, కన్నం అయిపోయేటప్పుడు తలెత్తి ఎవర్ని చూస్తున్నారు?"

"రా, ఎదురుగా కూర్చో" అన్నాను.

"నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు. కూర్చో చాలు."

పాపం, నా మాట కాదనలేక కూర్చున్నాడు. మళ్లీ మొదలుపెట్టి, ఆఖర్లో తలెత్తి చూశాను. వాడు నన్ను చూసి నవ్వాడు. మంచి పిల్లాడు. కానీ వాడి చేతిలో తాడు లేదు కదా. రెండో కన్నం కూడా చీలింది.